డబ్బింగ్ చెప్పించిన సాక్ష్యం

ఫిల్మ్ నగర్‌లో వారం రోజులు ఉండి వచ్చానని తెలియగానే మా స్టాఫ్‌రూములో అందరూ ఒకటే అడిగారు: "ఏ హీరోని చూశావు?" ఒక్కణ్ణీ చూడలేదు. నేను వెళ్లిన పని వేరు. మలావీ వెళ్లడానికి తయారవడం.

తణుకు దగ్గర ఒక మిషన్ స్కూల్లో పదిహేడేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. మలావీ ఆఫ్రికాలో ఒక దేశం. అక్కడ సరస్సు పక్కనున్న మిషన్ బడికి లెక్కల టీచరు కావాలని ఒక ఆదివారం మా చర్చిలో చదివి వినిపించారు. చెయ్యెత్తాను. అంతే జరిగింది. నాకు నలభై ఒక్కేళ్లు. పెళ్లి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా అలిసిపోయారు. రెండేళ్లుగా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. అదే గది, అదే బల్ల, అదే లంబకోణ త్రిభుజం.

మిషనరీగా వెళ్లేవాళ్లకు జూబిలీ హిల్స్‌లో వారం శిక్షణ ఉంటుందనీ, చివరి రోజు పెద్దలు చూసి పంపాలో వద్దో తేలుస్తారనీ పంపే సంస్థ కబురు పెట్టింది. ఆ వారం సంగతే ఇది.

ఫిల్మ్ నగర్: అట్టల చర్చి

స్టేషన్ దగ్గర ఆటో అతను నాలుగు వందలు అడిగాడు. ఆ డబ్బుతో మా ఊరి నుంచి రాజమండ్రి వెళ్లి, కడుపునిండా భోంచేసి, తిరిగి రావచ్చని చెప్పాను.

"గట్లైతే రాజమండ్రికే పోరాదు మేడమ్?" అన్నాడు. నవ్వొచ్చింది, ఎక్కాను. అతని పేరు యాదగిరి. వారమంతా అతని ఆటోలోనే తిరిగాను. ఎక్కిన ప్రతిసారీ బేరమాడాను, ప్రతిసారీ ఓడిపోయాను.

నాకిచ్చిన బస ఫిల్మ్ నగర్‌లో. తొమ్మిది దాకా తలుపు తీయరని వాచ్‌మన్ అన్నాడు. ఒకచోట కూర్చోవడం నాకు చేతకాదు. సంచీ అతని దగ్గర పడేసి, తెల్లచీరతో, చేతిలో బైబిలుతో సందులు తిరగడం మొదలుపెట్టాను. ఒక సందు చివర, బంగళా ముందు పచ్చిక మీద చర్చి కనబడింది. చిన్నదే, ముచ్చటగా ఉంది. తలుపు తెరిచే ఉంది. ప్రయాణం మంచిగా జరిగినందుకు స్తోత్రం చెప్పుకుందామని లోపలికి వెళ్లి మోకరించాను. "ప్రభువా, నేనెందుకు వెళ్తున్నానో నాకు కాస్త తెలియజెయ్యి" అని అడిగాను. లేవబోతూ స్తంభం పట్టుకున్నాను. స్తంభం నాతోపాటు ఊగింది.

థర్మోకోలు!

చెవికి ఫోను తగిలించుకున్న ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, జూనియర్ ఆర్టిస్టులంతా అటువైపు. లైటింగ్ అవ్వకుండానే వచ్చి కూర్చుంటే ఎలాగండీ?"

"నేను ఆర్టిస్టుని కాదండీ."

"మరి ఈ చీర?"

"నాదే."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "చాలా కరెక్టుగా ఉందండీ" అన్నాడు మెచ్చుకోలుగా. పొగడ్తకి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

ఈలోగా నా వయసే ఉన్న ఒక జూనియర్ ఆర్టిస్టు చెయ్యి పట్టుకుని టిఫిన్ వరసలోకి లాగింది. ఇడ్లీ, వడ, ఉప్మా. ఉప్మాలో జీడిపప్పు దండిగా ఉంది. చట్నీ మాత్రం పల్లీలదే. అల్లప్పచ్చడి లేని టిఫిన్‌ని మా వైపు టిఫిన్ అనరు. తింటూ ఈ చర్చిలో ఏం తీస్తారని అడిగాను.

"పెళ్లండీ. హీరో వచ్చి ఆపేస్తాడు. సాయంత్రానికి చర్చి పీకేస్తారు."

"నేను ఇందాక నిజంగానే ప్రార్థన చేసుకున్నానండీ అందులో."

"ఏం పర్లేదులెండి" అంది ఆవిడ వడ తుంచుతూ. "నేను ఒకసారి గుడి సెట్లో మొక్కుకున్నాను. మా అమ్మాయికి కాలేజీలో సీటొచ్చింది."

నాకు మటుకు రోజంతా చిరాగ్గానే ఉంది. వెళ్తున్నది నిజమైన పని మీద, మొదటి అడుగే అట్టముక్క మీద వేశాను.

జూబిలీ హిల్స్: మేడ మీద

శిక్షణ కొండ మీద పెద్దింట్లో. ఆ వీధుల్లో ఇళ్లు కనబడవు, ప్రహరీలే కనబడతాయి. మా ఊళ్లో ప్రహరీ మీంచి కూరగిన్నెలు అటూ ఇటూ మారతాయి. అక్కడ కుక్క అరుపు ఒక్కటే మారుతుంది. నాతోపాటు గుంటూరు నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన వడ్రంగం నేర్పుతాడు, ఆవిడ నర్సు. నెమ్మదైన మనుషులు. వాళ్ల నెమ్మది చూస్తే నాకు ఇంకా కంగారుగా ఉండేది.

మలావీలో పనిచేసి వచ్చిన ఒక సిస్టర్ అక్కడి పద్ధతులు చెప్పారు. మొక్కజొన్న పిండితో సంకటి చేస్తారట, పేరు న్సిమా. చేత్తో ముద్ద చేసుకుని కూరలో అద్దుకుని తింటారు. ఆ మాట వినగానే సగం భయం పోయింది. చేత్తో తినే దేశం మరీ పరాయిది కాదు. పెద్దవాళ్లను పలకరించేటప్పుడు ఆడవాళ్లు మోకాళ్లు వంచుతారు. "మోని" అంటే నమస్కారం, "జికోమో" అంటే కృతజ్ఞత. సంతలో కూడా తొందరపడకూడదు, ముందు కుశలం అడగాలి, ఆ తర్వాతే టమాటాల ధర. ఇది నాకు కష్టమే. నేను తణుకు మార్కెట్లో ధర అడిగి, పెదవి విరిచి, నాలుగడుగులు వేశాకే మనిషి మొహం చూస్తాను.

మూడో రోజు మా శిక్షణ చూసే శామ్యూల్ గారు కెమెరా పెట్టించారు. ఒక్కొక్కరం మూడు నిమిషాలు సాక్ష్యం చెప్పాలి. అంటే దేవుడు మనల్ని ఈ పనికి ఎలా పిలిచాడో నలుగురి ముందూ చెప్పడం. మా చర్చిల్లో ఇది లేకుండా ఏదీ కదలదు. మునుపు ఎలా ఉన్నాం, ఏ రోజున ఏం జరిగింది, తర్వాత ఎలా మారాం. గుంటూరు ఆయన యాక్సిడెంటులో బతికి బయటపడిన సంగతి చెప్పాడు. ఆవిడ ఆస్పత్రి వార్డులో విన్న స్వరం గురించి చెప్పింది. నా వంతు వచ్చింది.

"లెక్కల టీచరు కావాలని చదివారు. నేను లెక్కల టీచర్ని. చెయ్యెత్తాను" అన్నాను. పది సెకన్లు పట్టింది.

శామ్యూల్ గారు కెమెరా ఆపించారు. "మేడమ్, ఇది ఇన్ఫర్మేషన్. టెస్టిమొనీ కాదు. మీకు ఏదైనా దర్శనం, కల, ఎప్పుడైనా? పిల్లలు కనబడ్డం లాంటిది?"

"టీచరుకి కలలో పిల్లలు కాక ఏనుగులొస్తాయా అండీ? పేపర్లు దిద్దుతున్నట్టు వస్తూ ఉంటుంది."

"బ్యూటిఫుల్" అన్నారాయన, ఎందుకో నాకర్థం కాలేదు.

సాయంత్రానికి కాగితం మీద రాసుకొచ్చారు. అందులో నేను ఒక సరస్సు ఒడ్డున నిలబడి ఉన్నాను. అవతలి గట్టున పిల్లలు పలకలు ఎత్తి పట్టుకుని ఉన్నారు. పలకల మీద ఏమీ రాసి లేదు. "టీచర్, రా" అని పిలుస్తున్నారు. చదివాను. బాగుంది. నాకు రానే లేదు.

"ఇది నాకు రాలేదండీ."

"మీ మనసులో ఉన్నదే కదా మేడమ్, కొంచెం షేప్ చేశాం. పెద్దలు పిలుపు చూస్తారు. అది లేకపోతే పంపరు. మీ ఇష్టం."

వెళ్లాలని నాకెంత ఉందో అప్పుడే తెలిసింది. ఆ గదికి, ఆ బల్లకి, ఆ త్రిభుజానికి మళ్లీ వెళ్లి ఇంకో పదిహేడేళ్లు మోయడం తలుచుకున్నాను. కాగితం చేతిలోకి తీసుకుని, కెమెరా వైపు చూసి, చదివేశాను. రెండో టేకుకే ఓకే అన్నారు.

బోరబండ: సగంతో భాగిస్తే

నాలుగో రోజు ప్రాక్టీసు క్లాసు. బోరబండలో కొండ ఎక్కి, రేకుల ఇళ్ల మధ్య ఉన్న ఒక ప్రార్థన మందిరంలో సాయంత్రం ట్యూషన్ జరుగుతుంది. ఇరవై మంది ఆడపిల్లలు, అందరూ ఏడో తరగతి. జూబిలీ హిల్స్ నుంచి ఎంతో దూరం లేదు. కానీ యాదగిరి ఆటో దిగి రెండు మలుపులు తిరిగేసరికి మళ్లీ మా ఊరి వాసన వచ్చింది. ఎవరింట్లోనో చింతచారుకి పోపు పడింది.

భిన్నాలు చెప్పాను. ఒక పిల్ల లేచి, "టీచర్, ఒకటిని సగంతోని భాగిస్తే రెండెట్ల అయితది? భాగిస్తే తక్కువ గావాలె గద?" అంది. పదిహేడేళ్లలో నన్ను ఈ ప్రశ్న ఇంత సూటిగా అడిగినవాళ్లు నలుగురుంటారు. దాని జడ రిబ్బను విప్పించాను. కొలిస్తే మీటరుంది. సగం మీటరు చొప్పున ముక్కలు చేస్తే ఎన్నొస్తాయని అడిగాను.

"రెండు."

"అదే."

అది రిబ్బను వైపు చూసింది, నల్లబల్ల వైపు చూసింది, "అమ్మో!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ ఒక్క "అమ్మో" కోసమే ఇన్నేళ్లూ గొంతు పోగొట్టుకున్నాను. ఆ రోజు అటూ ఇటూ తిరగలేదు, గంటన్నర ఎలా గడిచిందో తెలియలేదు.

క్లాసయ్యాక ఆ పిల్ల తల్లి వచ్చింది, ఇళ్లల్లో పనిచేసి నేరుగా వచ్చినట్టుంది, చేతులు ఇంకా తడిగా ఉన్నాయి.

"మంచిగ చెప్తున్నవ్ టీచర్. మా పోరికి లెక్కలంటెనే బుగులుండె. గీడ్నే ఉండరాదు?"

"వేరే దేశం వెళ్తున్నానమ్మా, చెప్పడానికి."

"గంత దూరం పోయి ఎవ్వలికి చెప్తవ్? గీడ లేరా పిల్లలు?"

పిలిచారని అందామనుకున్నాను. పలకలు పట్టుకున్న పిల్లలు నోటిదాకా వచ్చి ఆగిపోయారు. "చూస్తానమ్మా" అని, చెప్పులు వేసుకుని, కొండ దిగిపోయాను.

మళ్లీ ఫిల్మ్ నగర్: మూసిన గది

ఐదో రోజు శామ్యూల్ గారు కొత్త సంగతి చెప్పారు. వీడియో బాగా వచ్చిందట, గొంతే బాగాలేదట. పదిహేడేళ్ల సుద్దముక్క పొడి, వెనక బెంచీల మీద అరుపులు. నా గొంతు కిర్రుమనే తలుపులాగే ఉంటుంది, కాదనను. "ఫోన్లో వినేవాళ్లకి హార్ష్‌గా ఉంటుంది మేడమ్. డబ్బింగ్ చెప్పిద్దాం. లిప్ ఎక్కడ కదిలిందో చెప్పడానికి మీరు పక్కనుంటే చాలు."

డబ్బింగ్ ఆవిడ పేరు శారద గారు. కాకినాడ మనిషి, అరవై దాటి ఉంటాయి. నలభై ఏళ్లుగా సినిమాల్లో తల్లులకీ, వదినలకీ, చనిపోయే అమ్మమ్మలకీ గొంతిస్తున్నారట. నుదుటి మీద పెద్ద బొట్టు, మెడలో తులసిపూస. డబ్బింగ్ గదిలోకి రాగానే గాజులు తీసి రుమాల్లో కట్టారు, చప్పుడు పడకుండా. గంజి పెట్టిన చీర కూడా కట్టరట, అదీ చప్పుడేనట. మైకుని వేలితో తాకి కళ్లకద్దుకున్నారు. నేను సుద్దముక్క పట్టుకునే ముందు ఎప్పుడైనా అలా చేశానా అనిపించింది.

తెర మీద నా మొహం. ఆవిడ రెండుసార్లు చూశారు. కాగితం చదివారు. చెవులకున్న హెడ్‌ఫోన్స్ తీసి నా వైపు తిరిగారు.

"ఏమండీ, ఒకటడుగుతాను, ఏమనుకోకండి. ఈ కల మీకు నిజంగా వచ్చిందా?"

"ఎందుకండీ?"

"నిజమైతే ఒకలా చెప్పాలి. కాకపోతే ఇంకాస్త బాగా చెప్పాలి."

వెనక అద్దం అవతల శామ్యూల్ గారు గడియారం చూసుకుంటున్నారు.

"వచ్చిందండీ" అన్నాను.

కెమెరా ముందు చదివినప్పుడు అది కాగితం. ఇప్పుడు మాత్రం ఒక మనిషి కళ్లలోకి చూసి అబద్ధం ఆడాను. ఆ తేడా వెంటనే తెలిసింది.

ఆవిడ చెప్పారు. ఒక్క టేకులో. "టీచర్, రా" అనే చోట ఆవిడ గొంతు వణికి, పెదవులతో సరిగ్గా కలిసి, నిలిచింది. అది నటన కాదు, కళ్లు తుడుచుకుంటున్నారు. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకున్నారు. "నలభై ఏళ్లుగా రోజూ దీపం పెడుతున్నానండీ. నాకొక్కసారైనా కనపడలేదు, పిలవలేదు. మీరు అదృష్టవంతులు."

ఆవిడ గాజులు మళ్లీ ఒక్కొక్కటే వేసుకుంటూ ఉంటే చూస్తూ నిలబడ్డాను.

షేక్‌పేట: టీ, తర్వాత కాఫీ

ఆరో రోజు సెలవు. పొద్దుటి నుంచి నిలవలేకపోయాను. ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట దాకా నడిచాను, ఫ్లైఓవర్ కింద టీ తాగాను, ఇరవై రూపాయలు, మా ఊళ్లో పదే. మళ్లీ వెనక్కి నడిచాను, మళ్లీ వచ్చాను. అక్కడ యాదగిరి కనబడ్డాడు.

"ఏందక్కా, పొద్దుగాల్నుంచి గిట్ల తిరుగుతనే ఉన్నవు? ఏమన్న పోయిందా?"

"ఏం పోలేదు."

"మరెందుకు ఫికర్? ఏడికి పోవాల్నో చెప్పు, తీస్కపోత."

ఎక్కడికి వెళ్లాలో అతనడిగాకే నాకు తెలిసింది. శారద గారు ముందురోజు తన ఇంటి గుర్తులు చెప్పారు, షేక్‌పేట పాత ఊరి పక్కన అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. ఈసారి బేరమాడకుండా ఎక్కేశాను.

ఆవిడ పెరుగన్నం తింటున్నారు. నన్ను చూసి లేవబోతే కూర్చోమన్నాను. నిలబడే చెప్పేశాను. "ఆ కల నాకు రాలేదండీ. రాసిచ్చారు. చదివాను. మీరడిగితే వచ్చిందన్నాను."

ఆవిడ అన్నం ముద్ద కంచంలో పెట్టేశారు.

"సినిమాకి ఏడిస్తే నటిస్తున్నానని నాకు తెలుస్తుందండీ" అన్నారు. "అది నా పని. నిన్న ఏడ్చింది నా పని కాదు. ఇంటికొచ్చి దేవుడి దగ్గర కూర్చుని, నన్నెందుకు పిలవలేదని అడిగాను. గంటసేపు పోట్లాడాను. మీరు నాచేత అది చేయించారు."

"క్షమించండి."

"సరేలెండి." కంచం తీసుకెళ్లి కడిగి వచ్చారు. కాఫీ పెట్టారు. కోపం తగ్గలేదు, కాఫీ మాత్రం మంచిదే ఇచ్చారు. "రేపు మీ వాళ్లకి చెప్తారా?"

"చెప్తే పంపరండీ."

"నేను అడిగింది అది కాదు" అన్నారు.

జూబిలీ హిల్స్: చివరి రోజు

పొద్దున్నే శామ్యూల్ గారి దగ్గరికి వెళ్లి వీడియో వెయ్యొద్దన్నాను. "ఎడిటింగ్ అయిపోయింది మేడమ్, ప్రోగ్రామ్‌లో ఉంది. తర్వాత మాట్లాడదాం" అంటూ ప్రొజెక్టరు వైర్లు చూసుకుంటూ వెళ్లిపోయారు.

హాల్లో ముందు వరసలో ఏడుగురు పెద్దలు. వాళ్లలో పెద్దావిడ రూతమ్మ గారు, ఎనభై ఏళ్ల మనిషి, ఆఫ్రికాలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి వచ్చారట. వెనక కుర్చీల్లో వంద మంది దాకా ఉన్నారు. మా దగ్గర ఒక ఆచారం ఉంది. పంపాలనుకున్నవాళ్లను ముందుకి పిలిచి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, పెద్దలంతా తలమీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. చేతులుంచితే వెళ్లినట్టే. ఉంచకపోతే, "ఇంకా ప్రార్థన చేద్దాం" అంటారు. అది మర్యాదగా వద్దనడం.

గుంటూరు దంపతుల తలల మీద ఏడుగురూ చేతులుంచారు. తర్వాత నా వీడియో వేశారు. తెర మీద నా మొహం, శారద గారి గొంతు, ఎవరిదీ కాని సరస్సు. వెనక నుంచి "హల్లెలూయ", "స్తోత్రం" అంటున్నారు. పక్కావిడ ముక్కు చీదుతోంది. అయ్యాక రెండు మాటలు చెప్పమన్నారు.

లేచాను. "అందరికీ వందనాలు" అనగానే హాలంతా ఒక్క క్షణం తికమకపడింది. ఆ తెర మీది మనిషికి ఈ గొంతేమిటి?

"ఆ గొంతు నాది కాదు. డబ్బింగ్ చెప్పించారు. కల కూడా నాది కాదు. రాసిస్తే చదివాను, అబద్ధమని తెలిసే చదివాను. మొహం ఒక్కటే నాది."

శామ్యూల్ గారు లేచి నిలబడ్డారు. రూతమ్మ గారు ఆయన్ని కూర్చోమని చేత్తో సైగ చేశారు.

"మరి నీకు పిలుపు లేదా అమ్మా?" అని అడిగారు నన్ను.

"నాకు వినబడలేదండీ."

"లెక్కలు చెప్పడానికైతే ఇక్కడ చెప్పకూడదా?"

"బోరబండలో ఒకావిడ ఇదే అడిగిందండీ. జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడూ లేదు."

"మరెందుకు వెళ్తానంటున్నావు?"

"టీచరు కావాలన్నారు. నాకు చెప్పడం వచ్చు. అక్కడ నన్నెరిగినవాళ్లు లేరు, ఇక్కడ తెచ్చుకున్న పేరు పనికిరాదు. అక్కడ కూడా చెప్పగలనా లేదా చూడాలని ఉంది. నిలవలేకపోతున్నానండీ. అంతకంటే గొప్ప కారణం లేదు."

ఆరుగురు పెద్దలు ఒకళ్లతో ఒకళ్లు తలలు వంచి మాట్లాడుకున్నారు. వాళ్లలో ఒకాయన లేచి, "ఇంకా ప్రార్థన చేద్దాం, సిస్టర్" అన్నారు. నేను తలూపాను. నా చోటికి వెళ్లడానికి వెనక్కి తిరిగాను. నా కాళ్లు, రెండేళ్లుగా ఒకచోట నిలవని నా కాళ్లు, అప్పుడు కదలలేదు.

"చేద్దామన్నారుగా, ఇప్పుడే చేద్దాం" అన్నారు రూతమ్మ గారు. కర్ర పట్టుకుని లేచారు, ఎవరో సాయం పట్టబోతే వద్దన్నారు. "కూర్చో అమ్మా."

మోకరించాను. మిగతా ఆరుగురిలో ఒక్కరూ కదలలేదు. నా తల మీద ఒక్క చెయ్యి పడింది, బరువు లేని ముసలి చెయ్యి.

"ప్రభువా" అన్నారావిడ, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు. "ఈ పిల్ల నువ్వు పిలిచావని అబద్ధం చెప్పింది. ఇప్పుడు పిలవలేదని నిజం చెప్పింది. నువ్వు పిలిచావో లేదో నాకూ తెలీదు. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. పిలవని పేరంటానికి ఎవరైనా గుమ్మంలోకొస్తే, మేము పొమ్మనలేక పీట వేసి కూర్చోబెడతాం. నువ్వు మాకంటే తక్కువవాడివి కాదు గదా."